సాలిస్‌బరీ దాకా వెంటాడిన గతం

విశ్రాంత గూఢచారి అనగానే మనలో చాలామందికి, చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివేసిన డిటెక్టివ్ నవలల్లోని మనిషి గుర్తుకొస్తాడు. అతడికి పాత శత్రువు ఒకడు ఉంటాడు, ఆ శత్రువు ఏళ్ల తరబడి వెతికి చివరికి ఇల్లు కనిపెడతాడు, ఆఖరి అధ్యాయంలో ఇద్దరూ ఎదురుపడతారు. నిజంగా అలా గతం వెంటాడిన ఇద్దరు మనుషుల జాడలు ఇంగ్లాండులో ఉన్నాయి. ఒకరు అలెగ్జాండర్ లిత్వినెంకో, రెండోవారు సెర్గేయ్ స్క్రిపాల్. వీరిలో ఎవరినీ వెతికి పట్టుకోవలసిన అవసరమే హంతకులకు కలగలేదు. ఒకరు తానే ఒక పాత పరిచయస్థుడిని కలవడానికి వెళ్లారు. రెండోవారు సొంత పేరుతో, సొంత ఇంట్లో, అందరికీ తెలిసేలా బతుకుతుండేవారు. బేసింగ్‌స్టోక్‌లో ఉంటున్న మా అక్క ఇంటికి మార్చిలో వెళ్లినప్పుడు, ఆ ఇద్దరి చివరి స్వేచ్ఛా దినాలు గడిచిన వీధుల్లో నడిచి చూడాలని అనుకున్నాను.

గురువారం, లండన్

గ్రోవ్‌నర్ స్క్వేర్ మేఫెయిర్‌లో, అంటే లండన్ సంపన్నుల పేట నడిబొడ్డున ఉంటుంది. అమెరికా రాయబార కార్యాలయం ఎన్నో ఏళ్లు ఇక్కడే ఉండి, 2018 జనవరిలో థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న నైన్ ఎల్మ్స్‌కు తరలిపోయింది. ఆ చౌకు అంచునే 2006లో మిలీనియం అనే హోటల్ ఉండేది. ఇప్పుడు దాని పేరు బిల్ట్‌మోర్. కార్లు ఆగుతున్నాయి, పెట్టెలు దిగుతున్నాయి, గుమ్మం దగ్గర నిలబడ్డ ఉద్యోగి వచ్చిన ప్రతి ఒక్కరికీ తలుపు తీస్తున్నాడు. 2006 నవంబరు 1 మధ్యాహ్నం లిత్వినెంకో కూడా ఇలాగే లోపలికి వెళ్లి, అక్కడి పైన్ బార్‌లో ఇద్దరు రష్యన్ల బల్ల దగ్గర కూర్చున్నారు.

ఆయన రష్యా అంతర్గత భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీలో అధికారిగా పనిచేశారు. వ్యాపారవేత్త బోరిస్ బెరెజోవ్‌స్కీని చంపమని పై అధికారులు తమను ఆదేశించారంటూ 1998 నవంబరులో మాస్కోలో విలేఖరుల ముందు కూర్చుని చెప్పారు. అప్పుడు ఆ సంస్థకు అధిపతి వ్లాదిమిర్ పుతిన్. మరుసటి ఏడాది అరెస్టయ్యారు, 2000లో కుటుంబంతో సహా దేశం విడిచి బ్రిటన్ చేరుకున్నారు. 2006 అక్టోబరులో బ్రిటిష్ పౌరసత్వం కూడా వచ్చింది. బల్ల దగ్గర ఉన్నవారిలో ఆంద్రేయ్ లుగవోయ్ ఒకప్పుడు కేజీబీలో నాయకులకు అంగరక్షకుడిగా పనిచేసినవాడు, ఆ తరువాత బెరెజోవ్‌స్కీ టీవీ చానల్‌కు భద్రత చూసినవాడు. లిత్వినెంకోకు అతను 1990ల నాటి పరిచయం. వెంట వచ్చిన ద్మిత్రీ కోవ్‌తున్, లుగవోయ్‌కి చిన్ననాటి స్నేహితుడు. వ్యాపార సంస్థలకు రష్యా గురించి సమాచారం సమకూర్చే పనిలో ముగ్గురూ కలిసి సంపాదించుకోవచ్చన్నది పైకి చెప్పుకున్న మాట.

టీపాట్ అప్పటికే బల్ల మీద ఉంది. లిత్వినెంకో గ్రీన్ టీ కొంచెం పోసుకుని, మూడు నాలుగు గుక్కలు తాగి, చల్లారిపోయిందని వదిలేశారు. అందులో పొలోనియం-210 కలిసి ఉంది. ఆ లోహం వెలువరించే ఆల్ఫా కణాలను మామూలు కాగితం ఆపేస్తుంది, మన చర్మం కూడా ఆపేస్తుంది. అందుకే దాన్ని సీసాలో పెట్టుకుని విమానాశ్రయాలు దాటడం కష్టం కాదు. అదే లోపలికి వెళితే మాత్రం ఎముక మూలుగ మొదలుకొని ఒక్కొక్క అవయవాన్నీ కాల్చేస్తుంది. ఈ కథలో నేను మరిచిపోలేని విషయం ఆ తరువాత జరిగింది. లుగవోయ్ తన కుటుంబాన్ని కూడా లండన్‌కు తీసుకొచ్చాడు, ఆ సాయంత్రం ఆర్సెనల్‌కూ మాస్కో జట్టు సీఎస్‌కేఏకూ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. టీ తాగడం అయ్యాక అతని ఎనిమిదేళ్ల కొడుకు బార్‌లోకి వచ్చాడు. ఆ పిల్లవాడిని లిత్వినెంకోకు పరిచయం చేసి, కరచాలనం చేయించాడు. తాను ఏ విషం వాడుతున్నాడో ఆ మనిషికే పూర్తిగా తెలిసి ఉండదని కొందరు అనుకోవడానికి ఈ కరచాలనం ఒక కారణం.

అక్కడి నుంచి యూస్టన్ రోడ్డులోని యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రి ముందుకు వెళ్లాను. లిత్వినెంకో జుట్టు రాలిపోయి, ఆకుపచ్చ గౌనులో కెమెరా వైపు చూస్తున్న ఫొటో ఈ ఆసుపత్రి మంచం మీద తీసినదే. మొదట థాలియం అనుకున్నారు. లండన్ డిటెక్టివ్‌లు మంచం పక్కన కూర్చుని కొన్ని రోజులపాటు ఆయన వాంగ్మూలం నమోదు చేశారు. తన హత్య కేసుకు తానే ముఖ్య సాక్షిగా, పాత వృత్తి నేర్పిన శ్రద్ధతో, ఎవరిని ఎక్కడ ఎప్పుడు కలిశారో ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చారు. విషం పొలోనియం అని తేలింది చనిపోవడానికి కొద్ది గంటల ముందే. నవంబరు 23 రాత్రి ప్రాణం పోయింది. ఆ తరువాత పరిశోధకులు హోటల్ గదుల్లో, విమాన సీట్లలో, ఆఫీసు బల్లల మీద రేడియోధార్మికత జాడలు పట్టుకుంటూ వెళితే, హంతకుల ప్రయాణం మొత్తం పటం గీసినట్టు బయటపడింది. ఆ టీపాట్‌ను మాత్రం అప్పటికే కడిగి మరెందరికో వాడేశారు.

సాయంత్రానికి హైగేట్ శ్మశానవాటికకు చేరుకున్నాను. కార్ల్ మార్క్స్ సమాధి కోసం వచ్చేవారందరూ తూర్పు భాగంలోకి వెళతారు. లిత్వినెంకోను పడమటి భాగంలో, 2006 డిసెంబరు 7న, సీసపు పూత వేసిన శవపేటికలో ఖననం చేశారు. మార్చి నెల తడికి దారులన్నీ బురదగా ఉన్నాయి. ఈ హత్యపై విచారణ జరిపిన సర్ రాబర్ట్ ఓవెన్ కమిషన్ తన నివేదిక ఇవ్వడానికి 2016 జనవరి దాకా పట్టింది. హత్య చేసింది లుగవోయ్, కోవ్‌తున్ అనీ, అది ఎఫ్‌ఎస్‌బీ నడిపిన పని అనీ, దానికి ఆ సంస్థ అధిపతి పాత్రుషేవ్, అధ్యక్షుడు పుతిన్ బహుశా ఆమోదం తెలిపారనీ అందులో ఉంది. రష్యా ఇదంతా అబద్ధమంది. లుగవోయ్ 2007 చివర్లోనే రష్యా పార్లమెంటుకు ఎన్నికై కూర్చున్నాడు.

శుక్రవారం, బో

తూర్పు లండన్‌లోని బో రోడ్డులో చూడడానికి పెద్దగా ఏమీ లేదు. అక్కడ సిటీ స్టే అనే చిన్న హోటల్ ఉండడం వల్ల వెళ్లాను. 2018 మార్చి 2, అదీ శుక్రవారమే, మాస్కో నుంచి గాట్విక్‌లో దిగిన ఇద్దరు మనుషులు, అలెగ్జాండర్ పెత్రోవ్, రుస్లాన్ బోషిరోవ్ అనే పేర్లున్న పాస్‌పోర్టులతో ఆ రాత్రి ఇక్కడ బస చేశారు. వాళ్ల అసలు పేర్లు మీష్కిన్, చెపీగా అని తరువాత తేలింది. రష్యా సైనిక గూఢచార సంస్థ జీఆర్‌యూ అధికారులు వాళ్లు. వాళ్లు దిగిన గదిలో నోవిచోక్ అనే నరాల విషం జాడ, ఎవరికీ హాని చేయనంత స్వల్పంగా, తరువాతి పరీక్షల్లో దొరికింది. మధ్యలో ఆ గదిలో ఎందరు నిద్రపోయి వెళ్లారో ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషి అదే జీఆర్‌యూలో కల్నల్‌గా పనిచేశాడు. స్క్రిపాల్ 1990ల మధ్యలో బ్రిటన్ గూఢచార సంస్థ ఎంఐ6కు పనిచేయడం మొదలుపెట్టి, తోటి అధికారుల వివరాలు అందించాడు. 1999లో జీఆర్‌యూ నుంచి రిటైరయ్యాడు. 2004 డిసెంబరులో మాస్కోలో అరెస్టయ్యాడు, 2006లో పదమూడేళ్ల శిక్ష పడింది. 2010 జూలైలో అమెరికాలో పట్టుబడ్డ పదిమంది రష్యన్ రహస్య ఏజెంట్లకు బదులుగా రష్యా నలుగురిని విడిచిపెట్టింది, వియన్నా విమానాశ్రయంలో ఆ మార్పిడి జరిగింది. ఆ నలుగురిలో స్క్రిపాల్ ఒకడు. విడిచిపెట్టే ముందు అప్పటి అధ్యక్షుడు ద్మిత్రీ మెద్వెదేవ్ క్షమాభిక్ష పత్రం మీద సంతకం చేశాడు. గూఢచారుల లోకంలో మార్పిడి జరిగిన ఖైదీ జోలికి మళ్లీ పోకూడదన్నది రాయని కట్టుబాటు. లేకపోతే రేపు మీ మనిషిని విడిపించుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు? స్క్రిపాల్ నమ్ముకున్నది దాన్నే. అయితే అదే ఏడాది డిసెంబరులో పుతిన్ టీవీలో ప్రజల ప్రశ్నలకు జవాబిస్తూ, ద్రోహులు తమంతట తామే చస్తారన్న అర్థంలో మాట్లాడాడు.

శనివారం, వాటర్‌లూ నుంచి సాలిస్‌బరీకి

వాటర్‌లూ స్టేషనులో బయలుదేరిన రైలు గంటన్నరలో సాలిస్‌బరీ చేరుతుంది. వోకింగ్, బేసింగ్‌స్టోక్, యాండోవర్ దాటాక ఊళ్లు పలచబడి, సున్నపురాయి గుట్టల మీద పచ్చిక మైదానాలు మొదలవుతాయి. 2018లో ఆ శనివారం బ్రిటన్ అంతా మంచు. పెత్రోవ్, బోషిరోవ్ ఈ మార్గంలోనే మధ్యాహ్నం 2.25కు సాలిస్‌బరీలో దిగి, 4.10కి తిరుగు రైలెక్కారు. ఆ రెండు గంటల లోపు రాక ఇంటినీ దారినీ చూసుకోవడానికేనని బ్రిటిష్ పోలీసుల అభిప్రాయం. అదే రోజు స్క్రిపాల్ కూతురు యూలియా మాస్కో నుంచి హీత్రోలో దిగింది.

ఇది కాకతాళీయమని నేను అనుకోను. యూలియా ఈ-మెయిల్ ఖాతాల మీద జీఆర్‌యూ సైబర్ విభాగం కనీసం 2013 నుంచి కన్నేసి ఉంచిందని బ్రిటన్ జాతీయ భద్రతా సలహాదారు 2018 ఏప్రిల్‌లో నాటో కూటమికి రాసిన లేఖలో చెప్పారు. అంటే వెంటాడడం అన్నది వీధి మలుపులో నిలబడ్డ మనిషి రూపంలో జరగలేదు. తండ్రికి కూతురు రాసుకునే ఉత్తరాల మధ్య, ఎప్పుడు వస్తున్నానో చెప్పుకునే మాటల మధ్య, అయిదేళ్లు ఎవరో కూర్చుని ఉన్నారు. తల్లి లుద్మీలా 2012లో క్యాన్సర్‌తో పోయింది, అన్న అలెగ్జాండర్ 2017 జూలైలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పోయాడు. ఇద్దరి సమాధులూ ఈ ఊళ్లోనే, లండన్ రోడ్డు శ్మశానంలో ఉన్నాయి. ఆ తండ్రికి మిగిలిన బిడ్డ ఆ కూతురొక్కతే.

స్టేషను నుంచి నేరుగా కెథీడ్రల్‌కు నడిచాను. 1220లో పునాది పడిన ఈ చర్చి శిఖరం ఎత్తు 123 మీటర్లు, బ్రిటన్‌లో ఇంతకంటే ఎత్తయిన చర్చి శిఖరం లేదు. 1215 నాటి మాగ్నా కార్టా ప్రతుల్లో మిగిలిన నాలుగింటిలో ఒకటి ఇక్కడుంది. నేను ఎక్కువసేపు నిలబడింది గడియారం ముందు. సుమారు 1386 నాటిదిగా చెప్పే ఆ యంత్రానికి ముఖం లేదు, ముళ్లు లేవు. ఇనుప చట్రంలో పళ్లచక్రాలు, తాళ్లకు వేలాడే బరువులు, అంతే. అది గంటలు కొట్టడానికే పుట్టింది, చూసి టైము తెలుసుకోవడానికి కాదు. పెత్రోవ్, బోషిరోవ్‌ల ఫొటోలు బ్రిటన్ బయటపెట్టాక, 2018 సెప్టెంబరు 13న వాళ్లు రష్యా టీవీ చానల్‌లో కనిపించి, తాము వ్యాయామ పోషకాహార వ్యాపారులమనీ, 123 మీటర్ల శిఖరమున్న ఈ చర్చినీ ఈ గడియారాన్నీ చూడడానికే ఆ ఊరు వెళ్లామనీ చెప్పారు. చరిత్ర పుస్తకంలోంచి చదివినంత ఖచ్చితంగా ఎత్తు చెప్పగలిగిన ఆ యాత్రికులు, ఆదివారం స్టేషనులో దిగాక ఎటు నడిచారన్నది మరునాడు చూడదలచుకున్నాను.

ఆదివారం, సాలిస్‌బరీ

స్టేషను గుమ్మం ముందు నిలబడితే ఊరూ చర్చి శిఖరమూ ఒక పక్కన, తూర్పు వైపు ఉంటాయి. విల్టన్ రోడ్డు పడమరకు పోతుంది. 2018 మార్చి 4, ఆదివారం, ఉదయం 11.48కి ఇద్దరూ స్టేషనులో దిగారు. పది నిమిషాల తరువాత, 11.58కి, విల్టన్ రోడ్డు మీది పెట్రోలు బంకు కెమెరా వాళ్లను పట్టుకుంది. చర్చికి వెళ్లేవాడు ఆ దారిలో ఉండడు. నేనూ ఆ దారినే నడిచాను. ఎడతెగని కార్లు, వరుసగా ఇటుక ఇళ్లు, ముందు చిన్న తోటలు. ఆ రోడ్డుకు కొద్ది దూరంలో క్రిస్టీ మిల్లర్ రోడ్డు అనే ముగింపు వీధి ఉంది. స్క్రిపాల్ 2011లో అక్కడ ఇల్లు కొన్నాడు, తన సొంత పేరుతోనే. ఇప్పుడక్కడ వేరే కుటుంబాలు తమ బతుకు తాము బతుకుతున్నాయి కనుక ఇంటి ముందు నిలబడి ఫొటోలు తీయడం సభ్యత అనిపించలేదు. వీధి మొదట్లో ఒక్క క్షణం ఆగి వెనుదిరిగాను.

ఈ విషప్రయోగం వ్యవహారంపై 2024లో జరిగిన బహిరంగ విచారణకు స్క్రిపాల్ రాతపూర్వకంగా ఇచ్చిన వాంగ్మూలంలో ఈ వీధి ప్రస్తావన ఉంది. అది పోలీసుల కోసం కట్టిన వీధి అనీ, ఇరుగుపొరుగున మాజీ పోలీసులు ఉండేవారనీ, తనకు అక్కడ భద్రంగా అనిపించేదనీ ఆయన చెప్పాడు. పేరు మార్చుకునే అవకాశం వచ్చినప్పుడూ వద్దనుకున్నాడు. క్షమాభిక్ష పొందిన తాను స్వేచ్ఛాజీవినన్నది ఆయన నమ్మకం. ఇంటికి కెమెరాలు పెడితే పదిమంది కళ్లలో పడతానని, నిఘా నీడలో బతకడం ఇష్టం లేక, వాటినీ వద్దన్నాడు. ఆయన మాటలు చదివినప్పుడు నాకు ఆయన అజాగ్రత్త మనిషి అనిపించలేదు. భార్యను, కొడుకును పోగొట్టుకున్న, అరవై ఏళ్లు దాటిన ఒక మనిషి, మిగిలిన కాలం మామూలు మనిషిగా గడపాలనుకున్నాడు. చేసిన ద్రోహానికి ఆయన జైలు శిక్ష అనుభవించాడు, ఆ అధ్యాయాన్ని రెండు ప్రభుత్వాలూ సంతకాలతో మూశాయి. ఆయన పనిని ఎలా తూచుకున్నా, ఆ సంతకాన్ని కాలరాసి ఆయనను చంపబోవడం వేరే నేరమని నా అభిప్రాయం.

నోవిచోక్‌ను ముందు తలుపు బయటి పిడికి పూశారు. ఈ విషం చర్మం గుండా శరీరంలోకి ఇంకుతుంది. మన నరం కండరానికి కదలమని ఒక రసాయనంతో చెబుతుంది. చెప్పడం అయిపోయాక ఆ రసాయనాన్ని తుడిచేయడానికి ఒక ఎంజైము ఉంటుంది. నోవిచోక్ ఆ ఎంజైమును కట్టిపడేస్తుంది. దాంతో ప్రతి కండరానికీ ఆజ్ఞ అందుతూనే ఉంటుంది: కంటిపాపలు సూదిమొనలంత అవుతాయి, నోట నురగ వస్తుంది, ఊపిరితిత్తులు నీటితో నిండి ఊపిరి ఆగుతుంది. తలుపు పిడి ద్వారా ఎంత మోతాదు చేతికి అంటుతుందో, ఎంతసేపటికి పనిచేస్తుందో ముందుగా లెక్కగట్టడం కష్టం. తలుపు తాకాక కూడా తండ్రీ కూతుళ్లు కొన్ని గంటలపాటు తిరగగలగడానికి అదే కారణం కావచ్చు.

తండ్రీ కూతుళ్లు ఆ మధ్యాహ్నం కారులో ఊళ్లోకి వచ్చారు. 1.40 ప్రాంతంలో సెయిన్స్‌బరీస్ దుకాణం మేడ మీది పార్కింగులో కారు ఆపారు. ఏవన్ నది ఊరి మధ్యలో నుంచి ఇక్కడ చిన్న కాలువలా సాగుతుంది. గట్టు మీద స్థానిక పిల్లలు ఉంటే, బాతులకు వేయమని స్క్రిపాల్ వాళ్ల చేతికి రొట్టె ముక్కలు ఇచ్చాడు. అప్పటికే ఆయన చేతులకు విషం ఉంది. ఆ పిల్లల్ని తరువాత వెతికి పరీక్షించారు, ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. నేను ఆ గట్టు మీద నిలబడి ఉండగా ఒక తాతగారు మనవడి చేత అదే పని చేయిస్తున్నారు. బాతులు వచ్చాయి, మనవడు కేరింతలు కొట్టాడు.

ఇద్దరూ తరువాత నది పక్కనే ఉన్న మిల్ అనే పబ్బుకు, ఆపై కాసిల్ వీధిలోని జిజ్జీ అనే ఇటాలియన్ రెస్టారెంటుకు వెళ్లారు. 2.20 నుంచి 3.35 దాకా అక్కడ ఉన్నారు. 4.15కు ఎమర్జెన్సీ ఫోన్లు మోగేసరికి మాల్టింగ్స్ అనే ఈ బజారు కూడలిలోని ఒక బెంచీ మీద ఇద్దరూ స్పృహ లేకుండా ఉన్నారు. మొదట దగ్గరకొచ్చిన వారిలో బ్రిటిష్ సైన్యపు ముఖ్య నర్సింగ్ అధికారిణి, ఆమె పదహారేళ్ల కూతురు ఉన్నారు. వాళ్లు ఆ రోజు కేవలం బజారుకు వచ్చినవాళ్లు. పడిపోయినవాళ్లను పక్కకు తిప్పి ఊపిరి నిలిపిన చేతులవి. ఆసుపత్రిలో మొదట మత్తుమందు అధిక మోతాదు అనుకున్నారు. ఆ రాత్రి ఇల్లు పరిశీలించడానికి వెళ్లిన డిటెక్టివ్ సార్జెంట్ నిక్ బెయిలీకీ విషం అంటుకుంది. ఆయన బతికారు, కానీ విషం చేరిన సొంత ఇంటినీ, అందులోని వస్తువులనూ కుటుంబం వదులుకోవలసి వచ్చింది. రెండేళ్ల తరువాత పోలీసు ఉద్యోగమే వదిలేశారు. యూలియా ఏప్రిల్ 9న, స్క్రిపాల్ మే 18న ఆసుపత్రి నుంచి బయటపడ్డారు. అప్పటి నుంచి వాళ్లు ఎక్కడున్నారో లోకానికి తెలియదు. ఆయన వద్దనుకున్న అజ్ఞాతవాసమే చివరికి దక్కింది.

ఆ బెంచీని తీసేశారు. అది ఎక్కడ ఉండేదో తెలిసినవాళ్లకు తప్ప ఇతరులకు తెలియదు. ఊరి శుద్ధి పని 2019 మార్చి నాటికి పూర్తయిందని ప్రకటించారు. స్క్రిపాల్ ఇంటి పైకప్పును కూడా విప్పి మార్చారు. ఆ ఇద్దరు జీఆర్‌యూ అధికారులు ఆ ఆదివారం మధ్యాహ్నం 1.50కే స్టేషనుకు చేరి రైలెక్కి, అదే రాత్రి 10.30 విమానంలో మాస్కో వెళ్లిపోయారు. తండ్రీ కూతుళ్లు ఊళ్లో తిరుగుతూ ఉండగానే వాళ్లు ఊరు దాటేశారన్నమాట.

సోమవారం, ఏమ్స్‌బరీ

బావగారు సెలవు పెట్టి కారులో సాలిస్‌బరీకి వచ్చారు. ఏమ్స్‌బరీ ఊరు అక్కడికి సుమారు పదమూడు కిలోమీటర్ల ఉత్తరాన, స్టోన్‌హెంజ్ రాళ్లకు దగ్గరగా ఉంది. దారిలో ఆయన అడిగారు: "ఏమయ్యా, స్టోన్‌హెంజ్ పక్కనే ఉంది. అది చూడకుండా ఏదో కాలనీ చూస్తానంటావేమిటి?" నేను అన్నాను: "అదీ చూద్దాం బావగారూ. ముందు కాలనీకి వెళ్లి రండి, మీకే అర్థమవుతుంది." ఈ ప్రాంతంలోనే బ్రిటన్ రక్షణ శాఖకు చెందిన పోర్టన్ డౌన్ ప్రయోగశాల ఉంది. ఆ విషం నోవిచోక్ అని తేల్చింది వాళ్లే. రసాయన ఆయుధాల నిషేధ సంస్థ కూడా 2018 ఏప్రిల్‌లో వాళ్ల నిర్ధారణను బలపరిచింది.

డాన్ స్టర్జెస్ వయసు 44, ముగ్గురు పిల్లల తల్లి. ఆమెకు గూఢచారులతో, రష్యాతో ఏ సంబంధమూ లేదు. 2018 జూన్ 30 ఉదయం, ఏమ్స్‌బరీలో మగుల్టన్ రోడ్డులోని స్నేహితుడి ఫ్లాట్‌లో ఉంది. ఎక్కడో పారేసి ఉండగా తనకు దొరికిన పెర్ఫ్యూమ్ పెట్టెను అతను ఆమెకు కానుకగా ఇచ్చాడు. అది నీనా రిచ్చి కంపెనీ ప్రీమియే జూర్ సీసా, చూడడానికి కొత్తది, పారదర్శక కాగితం చుట్టి ఉన్నది. ఆమె ఆనందంగా మణికట్టుకు రాసుకుంది. పావుగంటలో తలనొప్పి అంది, స్నానాల గదిలో పడిపోయింది. సీసాకు స్ప్రే మూత అమర్చేటప్పుడు చేతికి అంటిన ద్రవాన్ని కడుక్కున్న స్నేహితుడూ ఆ సాయంత్రం కుప్పకూలాడు. అతను బతికాడు, ఆమె జూలై 8న చనిపోయింది. జూలై 11న ఆ ఫ్లాట్‌లో సీసా దొరికింది. వేలమందిని చంపడానికి సరిపడేంత నోవిచోక్ అందులో ఉందని తరువాత విచారణలో చెప్పారు. పని ముగించినవాళ్లు ఆ సీసాను వెంట తీసుకుపోకుండా, నిర్వీర్యం చేయకుండా, జనం తిరిగే ఊళ్లో వదిలేసి వెళ్లారు.

మగుల్టన్ రోడ్డులో కొత్త ఇళ్లు, ఆరేసిన బట్టలు, స్కూలు నుంచి పిల్లల్ని తెచ్చుకుంటున్న తల్లులు కనిపించారు. బావగారు కారు పక్కన నిలబడి కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "ఆమె పేరు ఏమిటన్నావు? నేను ఇక్కడే పదేళ్లుగా ఉన్నాను. స్క్రిపాల్ పేరు తెలుసు, ఆ ఇద్దరి మొహాలు కూడా గుర్తున్నాయి. ఈ పేరు మాత్రం గుర్తులేదు." ఆయన ఒక్కరే కాదు. నేను చదివిన వ్యాసాల్లో గూఢచారి గురించి పేజీలు ఉంటే, ఈమె గురించి ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. ఆమె పడిపోయిన మొదటి గంటల్లో మాదకద్రవ్యాల కేసు అనుకున్నారు. ఆమెను మత్తుమందు అలవాటున్న మనిషిగా తప్పుగా పేర్కొన్నందుకు విల్ట్‌షైర్ పోలీసులు 2024లో విచారణ సమయంలో ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పారు.

ఆ విచారణ లార్డ్ హ్యూస్ అధ్యక్షతన 2024 అక్టోబరులో సాలిస్‌బరీ గిల్డ్‌హాల్‌లో మొదలైంది. కుటుంబం అడిగిన ముఖ్య ప్రశ్న ఒకటుంది: ఒక విడుదలైన గూఢచారిని సొంత పేరుతో, మామూలు వీధిలో నివసించనివ్వడం వల్ల మాకు ఏర్పడిన ముప్పును ప్రభుత్వం ఎందుకు తూచలేదు? 2025 డిసెంబరులో వెలువడిన నివేదిక, స్క్రిపాల్ హత్యకు చేసిన ప్రయత్నానికి అధ్యక్షుడు పుతిన్ స్థాయిలోనే అనుమతి లభించి ఉండాలనీ, డాన్ మరణానికి నైతిక బాధ్యత ఆయనదీ ఆ పనిలో పాల్గొన్నవాళ్లదీ అనీ తేల్చింది. రష్యా దీన్ని ఖండించింది. పెత్రోవ్, బోషిరోవ్‌ల మీద 2018లోనే, సెర్గేయ్ ఫెదోతోవ్ పేరుతో తిరిగిన మూడో జీఆర్‌యూ అధికారి మీద 2021లో అభియోగాలు నమోదయ్యాయి. తన పౌరులను వేరే దేశానికి అప్పగించడాన్ని రష్యా రాజ్యాంగం నిషేధిస్తుంది కనుక, ఆ ముగ్గురూ తమంతట తాము దేశం దాటి వస్తే తప్ప బ్రిటన్ కోర్టులో ఏ జడ్జీ వాళ్లను ఆ సీసా గురించి అడగలేడు.

"మరి ఆ కేసు ఎప్పటికి ముగుస్తుంది?" అన్నారు బావగారు, కారు స్టార్ట్ చేస్తూ. ఆ ముగ్గురిలో ఒకడైనా అరెస్టయ్యేదాకా పోలీసు ఫైలు తెరిచే ఉంటుందని చెప్పాను. స్టోన్‌హెంజ్ వైపు తిరిగే మలుపులో ఆయన కారు ఆపి, డాన్ స్టర్జెస్ పేరు ఎలా రాయాలో అడిగి తన ఫోనులో రాసుకున్నారు.